మిగిలిన మూడో వంతు

లెక్కల ప్రసంగానికి వెళ్ళి కడుపారా నవ్వుకుని వచ్చామని చెబితే మా విద్యార్థులు నమ్మలేదు. మేము లెక్కల సభకు వెళ్ళడమే ఒక వింత, నవ్వుకుని రావడం మరో వింత అని వారి భావన. వారిని తప్పు పట్టలేము. అయితే ఆ సాయంత్రం మాకు లభించినది నవ్వు మాత్రమే కాదు. పాతికేళ్ళకు పైగా ఫరాయిజ్ పాఠం, అనగా మృతుని ఆస్తిలో వారసుల వాటాలను నిర్ణయించే శాస్త్రం, బోధిస్తున్న మాకు పదో తరగతి చదివే ఒక బాలిక వేసిన ప్రశ్నకు జవాబు అక్కడ దొరికింది. ఆ బాలికను మేము ఏ విధంగా నోరు మూయించామో కూడా అక్కడే గుర్తుకు వచ్చింది. ఆ వైనమంతా పాఠకులకు విన్నవించుకోవడం మా బాధ్యత అనుకుంటున్నాము.

ప్రశ్న పుట్టిన ఇల్లు

మా మహల్లాలో పంక్చర్ల దుకాణం నడుపుకునే ఒక సోదరుడు గత సంవత్సరం అల్లాహ్ సన్నిధికి చేరుకున్నాడు. ఆయన భార్య అంతకు మూడేళ్ళ ముందే మరణించింది. తండ్రి లేడు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు లేరు. తండ్రి వైపున దగ్గరి వారు గానీ దూరపు వారు గానీ మగ బంధువు ఒక్కరూ లేరు. మిగిలినవారు ఇద్దరే. ఒకరు ఆయన తల్లి, మరొకరు ఆయన కూతురు. కఫన్, దఫన్ ఖర్చులు పోగా, అప్పులన్నీ తీర్చగా, దుకాణపు సామాను అమ్మిన సొమ్ముతో కలిపి 3,24,000 రూపాయలు మిగిలాయి. వసియత్ ఏదీ లేదు.

వాటాలు తేల్చమని మర్హూమ్ మేనమామ మా దగ్గరకు వచ్చారు. మేము వారింటికి వెళ్ళి కూర్చుని లెక్క చెప్పాము. సంతానం ఉన్నప్పుడు తల్లికి ఆరో వంతు, అనగా 54,000. కుమార్తె ఒక్కతే అయినప్పుడు ఆమెకు సగం, అనగా 1,62,000. ఈ వాటాలు దివ్య ఖుర్ఆన్ నిసా అధ్యాయంలో నిర్ణయమై ఉన్నవి. రెండూ కలిపితే 2,16,000. ఇంకా 1,08,000 మిగులుతుంది. ఇది సరిగ్గా మొత్తంలో మూడో వంతు. శేషాన్ని అందుకునే బంధువు ఎవరూ లేరు కనుక అది ‘రద్ద్’ నియమం ప్రకారం తిరిగి ఆ ఇద్దరికే, వారి వాటాల నిష్పత్తిలోనే చేరుతుంది. కనుక మొత్తాన్ని నాలుగు భాగాలు చేసి తల్లికి ఒకటి, కూతురికి మూడు ఇవ్వాలి. తల్లికి 81,000, కూతురికి 2,43,000. లెక్క ముగిసిందని మేము చాయ్ కప్పు అందుకున్నాము.

అప్పుడు తలుపు వెనుక నుండి ఆ బాలిక అడిగింది: “హజ్రత్, ఒక మాట. మిగిలిన లక్షా ఎనిమిది వేలను కూడా దాదీకి ఆరో వంతు, నాకు సగం అని పంచితే మళ్ళీ మూడో వంతు మిగులుతుంది కదా? దాన్ని పంచితే అందులోనూ మూడో వంతు మిగులుతుంది. ఎన్నిసార్లు పంచినా ఏదో ఒకటి మిగులుతూనే ఉంటుంది. మరి మీరు ఒక్క రూపాయి కూడా మిగలకుండా ఎలా పంచేశారు?”

మా వద్ద జవాబు లేదు. లేదని ఒప్పుకునే ధైర్యమూ లేకపోయింది. “గ్రంథాలలో ఇలాగే ఉన్నది తల్లీ. పెద్దలు తేల్చిన లెక్కలో ‘మరి’ అనడానికి లేదు,” అన్నాము. ఆ పిల్ల మళ్ళీ మాట్లాడలేదు.

వారం తిరగకముందే మహల్లాలో ఒక మాట పుట్టింది. మిగిలిన మూడో వంతు మదరసాకు పోతుందట! ఈ మాట గాలిలో నుండి పుట్టినది కాదు. దాని విత్తనం మేమే వేశాము. ఇటువంటి శేషం విషయంలో ప్రవక్త (స) సహచరుల నాటి నుండే భేదాభిప్రాయం ఉన్నది. జైద్ బిన్ సాబిత్ (ర) అభిప్రాయం ప్రకారం అది వారసులకు తిరిగి రాదు; బైతుల్‌మాల్‌కు, అనగా ప్రజా ధనాగారానికి, చేరుతుంది. అలీ (ర) ప్రభృతుల అభిప్రాయం ప్రకారం తిరిగి వారసులకే చెందుతుంది. హనఫీ పండితులు ఈ రెండవ అభిప్రాయాన్నే స్వీకరించారు. ఆ రోజు మా పాండిత్యం కొంత ప్రదర్శించుకోవాలనే తొందరలో ఈ భేదాన్ని కూడా మేనమామ గారికి వివరించాము. ఆయన బైతుల్‌మాల్ వరకు శ్రద్ధగా విన్నారు. ఆ తరువాతది చెవిన పడలేదు. సొమ్ము పంచకుండానే ఉండిపోయింది. మేము వీధిలో ఎదురైతే ఆ వృద్ధురాలు సలాముకు జవాబు చెప్పి, మొహం పక్కకు తిప్పుకునేది.

రొట్టెతో మొదలైన పాఠం

ఇలా ఉండగా మా వీధిలోని లెక్కల మాస్టారు ఒక ఆదివారం వచ్చి, “గ్రంథాలయంలో సాయంత్రం ఒక ప్రసంగం ఉన్నది, తోడు రండి,” అన్నారు. మాట్లాడేవారు ప్రభుత్వ కళాశాలలో గణితం బోధించి పదవీ విరమణ చేసిన పెద్దమనిషి. విషయం అనంత శ్రేణులు. అంతు లేకుండా ఒకదాని వెంట ఒకటి వచ్చే సంఖ్యలను కూడితే ఏమవుతుందన్నది ఆ శాస్త్రం. ఆ మాట వినగానే తలుపు వెనుక నుండి వచ్చిన ప్రశ్న మా చెవిలో మళ్ళీ మ్రోగింది. షేర్వాణీ వేసుకుని బయలుదేరాము.

వక్త వేదిక ఎక్కి, సంచిలో నుండి కాగితంలో చుట్టిన ఒక రొట్టె తీశారు. ముందు వరుస పిల్లలను వరుసగా నిలబెట్టారు. మొదటివాడికి సగం రొట్టె ఇచ్చారు. మిగిలిన సగంలో సగం రెండోవాడికి. మిగిలినదానిలో మళ్ళీ సగం మూడోవాడికి. ఆరోవాడికి అరవై నాలుగింట ఒక వంతు ముక్క వచ్చింది. ఏడోవాడు చేయి చాపి, ఆ ముక్కను చూసి, చేయి వెనక్కి తీసుకున్నాడు. సభ అంతా నవ్వింది.

“ఈ వరుసకు అంతు లేదనుకోండి. ప్రపంచం ఉన్నంతకాలం పిల్లలు వస్తూనే ఉంటారు. ఈ ఒక్క రొట్టె చాలుతుందా?” అని అడిగారు. చాలదని ఒక పెద్దాయన గట్టిగా అన్నారు. “చాలుతుంది. సగం, పావు, అరపావు, ఇలా ఎంతమందికి ఇచ్చినా ఇచ్చినదంతా కలిపి ఒక్క రొట్టెను మించదు. ఎన్నడూ రెండో రొట్టె అడగవలసిన పని రాదు,” అన్నారు వక్త.

“అయితే ఎప్పుడూ కాస్త మిగిలే ఉంటుంది కదా!” అని వెనుక నుండి ఎవరో అన్నారు. మేము ముందుకు వంగి కూర్చున్నాము. ఇది ఆ బాలిక ప్రశ్నే.

వక్త చిరునవ్వుతో ఇలా అన్నారు: “ఎంత మిగులుతుందో మీరే చెప్పండి. ఎంత చిన్న ముక్క పేరైనా చెప్పండి. వెయ్యింట ఒక వంతా? పదోవాడు తీసుకునేసరికి అంతకంటె తక్కువే మిగులుతుంది. లక్షలో ఒక వంతా? పదిహేడోవాడి దాకా ఆగండి. మీరు ఏ కొలత చెప్పినా, దానిని కూడా మింగేసేవాడు వరుసలో ఒకడు ఉన్నాడు. వరుసను మధ్యలో ఆపితేనే మిగులు. వరుస మొత్తాన్ని లెక్కలోకి తీసుకుంటే, ఇంత మిగిలిందని చూపించడానికి ఏ కొలతా లేదు. కొలత లేని మిగులును గణితం సున్న అంటుంది.”

అటు తరువాత వారొక హాస్యకథ చెప్పారు. అంతులేనంతమంది గణితవేత్తలు ఒక చాయ్ హోటలుకు వచ్చారట. మొదటివాడు ఒక చాయ్ అన్నాడు. రెండోవాడు అర చాయ్. మూడోవాడు పావు చాయ్. నాలుగోవాడు నోరు తెరవబోతుండగా హోటలు యజమాని రెండు కప్పులు బల్ల మీద పెట్టి, “మీరు మీరు పంచుకోండి. మీ హద్దు మీకు తెలియకపోయినా నాకు తెలుసు,” అన్నాడట. గణితంలో దీనినే అవధి అంటారు. మనకు ‘హద్’ అనే మాట ఇంటిమాటే కనుక మా పక్కన కూర్చున్న సోదరులు అందరికంటె ఎక్కువసేపు నవ్వారు.

చిన్నవైనంత మాత్రాన చాలదు

ఇక్కడ ఆగిపోతే మేము పొరపాటు పడేవారమే. ముక్కలు చిన్నవవుతూ పోతే చాలు, మొత్తం హద్దులో ఉంటుందని తీర్మానించుకునేవారము. వక్త వెంటనే ఆ భ్రమ తొలగించారు. గ్రంథాలయాధికారిని అడిగి ఒకే కొలత గల ఐదు లావుపాటి పుస్తకాలు తెప్పించారు. వాటిని బల్ల అంచున ఒకదానిమీద ఒకటి పేర్చి, పై పుస్తకాన్ని తన కింది పుస్తకం మీద నుండి సగం మేర బయటకు జరిపారు. దాని కింది పుస్తకాన్ని పావు మేర, దాని కిందిదానిని ఆరో వంతు, ఆ కిందిదానిని ఎనిమిదో వంతు, అట్టడుగుదానిని బల్ల అంచు మీద నుండి పదో వంతు. మొదటిసారి అన్నీ దబ్బున కింద పడ్డాయి. “పుస్తకాలు పడ్డాయి గానీ సిద్ధాంతం పడలేదు,” అంటూ వారు కిందికి వంగి ఏరుకుంటుంటే గ్రంథాలయాధికారి ముఖం చూడవలసినదే. రెండోసారి ఒక్కొక్క వెంట్రుకవాసి వెనక్కి జరిపి నిలబెట్టారు. పై పుస్తకం పూర్తిగా బల్ల దాటి గాలిలో నిలిచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

సగం, పావు, ఆరో వంతు, ఎనిమిదో వంతు అంటే ఒకటి, అర, మూడో వంతు, పావు అనే వరుసలో సగం సగం తీసుకున్నట్లే. దీనిని హరాత్మక శ్రేణి అంటారు. ఇందులో కూడా ప్రతి సంఖ్య ముందుదానికంటె చిన్నదే. కాని దీని మొత్తానికి హద్దు లేదు. 31 పుస్తకాలుంటే రెండు పుస్తకాల పొడవు బయటకు పోవచ్చు. పుస్తకాలు దొరుకుతూ ఉంటే ఎంత దూరమైనా పోవచ్చు.

ఇది 14వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు ఒరేమ్ అనే పండితుడు నిరూపించిన విషయం. ఆ నిరూపణ ఇంట్లో పిల్లలకు కూడా చెప్పదగినంత తేలిక. మూడో వంతు, నాలుగో వంతు కలిపితే సగానికి మించుతుంది. ఆ తరువాతి నాలుగూ, ఐదో వంతు నుండి ఎనిమిదో వంతు వరకు, కలిపితే మళ్ళీ సగానికి మించుతుంది. ఆ తరువాతి ఎనిమిదీ అంతే. ఇలా సగం మీద సగం చేరుతూ ఉంటే మొత్తం ఎక్కడ ఆగుతుంది?

అయితే దాని నడక మాత్రం నత్తనడక. మొత్తం 5 దాటడానికి 83 సంఖ్యలు కూడాలి. 10 దాటడానికి 12,367. 20 దాటడానికి 27,24,00,600. “ఇంటి ఖర్చు కూడా ఇలాంటిదే. రోజురోజుకూ తగ్గిస్తున్నామనే అంటారు. నెలాఖరుకు చూస్తే హద్దు దాటే ఉంటుంది,” అని వక్త అన్నప్పుడు గృహస్థులందరూ తలలూపారు. సంగతి ఏమిటంటే ముక్కలు తగ్గడం ఒక్కటే చాలదు. అవి ఎంత వేగంగా తగ్గుతున్నాయన్నది ముఖ్యం. రొట్టె లెక్కలో ప్రతి ముక్కా ముందుదానిలో సగానికి పడిపోతుంది కనుక మొత్తం ఒక చోట నిలబడింది. పుస్తకాల లెక్కలో తరుగుదల నిదానం కనుక నిలబడలేదు. మొదటిదానిని అభిసరణ అనీ, రెండోదానిని అపసరణ అనీ మన పాఠ్యపుస్తకాలలో వ్రాస్తారు.

ఇద్దరు సోదరుల రత్నం

మరో విచిత్రమైన శ్రేణిని కూడా బల్ల మీద వ్రాశారు. ఒకటి కూడు, ఒకటి తీసివెయ్యి, మళ్ళీ ఒకటి కూడు, మళ్ళీ ఒకటి తీసివెయ్యి. ఇలా అంతు లేకుండా. మొత్తం ఎంత? రెండేసి చొప్పున జత చేస్తే అన్నీ సున్నలే కనుక సున్న. మొదటి ఒకటిని విడిగా ఉంచి మిగిలినవి జత చేస్తే ఒకటి. “మా వీధిలో కరెంటు లాగా,” అన్నారు వక్త. “ఉన్నది, లేదు, ఉన్నది, లేదు. బిల్లు మాత్రం పూర్తిగా వస్తుంది.”

ఇటలీ దేశంలో గ్రాండీ అనే క్రైస్తవ సన్యాసి 1703లో ప్రచురించిన గ్రంథంలో ఈ మొత్తం సగమని వాదించాడట. అందుకు ఆయన చెప్పిన ఉపమానం వినగానే మేము ఉలిక్కిపడ్డాము. ఒక తండ్రి తన ఇద్దరు కుమారులకు వెలలేని రత్నం ఒకటి వదిలిపోయాడు. అమ్మరాదని వీలునామా. సోదరులు ఒక సంవత్సరం ఒకరింట, మరుసటి సంవత్సరం మరొకరింట ఉంచుకుందామని ఒప్పుకున్నారు. ఆ ఒప్పందం వారి సంతతిలో శాశ్వతంగా సాగితే ఒక్కొక్క కుటుంబానికి సగం రత్నం ఉన్నట్లే కదా అన్నాడాయన. మూడు వందల ఏళ్ళ కిందటి ఐరోపా గణితవేత్తకు కూడా అంతులేని లెక్కను అర్థం చేయించడానికి వారసత్వమే ఉదాహరణగా దొరికిందన్నమాట!

గ్రాండీ అంతటితో ఆగక, సున్నలన్నీ కూడితే సగం వస్తున్నది కనుక శూన్యం నుండి సృష్టి జరగడం సాధ్యమేనని కూడా అన్నాడట. సృష్టికర్త శక్తిని నమ్మడానికి మాకు ఈ కుండలీకరణాల సాక్ష్యం అవసరం లేదు కనుక అందరితో కలిసి మేమూ నవ్వాము. ఇటువంటి హద్దు లేని శ్రేణులతో విసిగి నార్వే దేశపు గణితవేత్త ఆబెల్ 1826లో మిత్రునికి వ్రాసిన లేఖలో ఇవి షైతాను కల్పన అని వాపోయాడట. ఎంత దూరం పోయినా మొత్తం ఒకే విలువకు అంతకంతకు దగ్గరవుతూ ఉంటేనే దానిని మొత్తమని పిలవాలన్న కట్టుదిట్టమైన నియమం 19వ శతాబ్దంలోనే స్థిరపడింది. అంతకుముందు మహామహులే తడబడ్డారు. ఈ మాట మాకు కొంత ఊరట కలిగించింది.

మన దేశపు ముచ్చట కూడా చెప్పారు. కేరళలో 14వ శతాబ్దంలో పుట్టిన మాధవుడనే గణితవేత్త ఒకటిలో నుండి మూడో వంతు తీసి, ఐదో వంతు కలిపి, ఏడో వంతు తీసి, ఇలా అంతులేకుండా పోతే వృత్తపు పరిధికీ వ్యాసానికీ గల నిష్పత్తిలో నాలుగో వంతు వస్తుందని కనుగొన్నాడు. ఆయన కాలంవాడే జంషీద్ కాషీ సమర్‌ఖందులో 1424లో అదే నిష్పత్తిని బహుభుజుల మార్గంలో పదహారు దశాంశ స్థానాల వరకు తేల్చాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఇద్దరూ ఒకే సంఖ్యను వెంటాడారు.

మేము లేచి నిలబడ్డాము

ప్రసంగం ముగిసి, ప్రశ్నలు అడగమన్నారు. మేము లేచి నిలబడ్డాము. గడ్డం, టోపీ, షేర్వాణీ చూసి సభ ఒక్కసారిగా నిశ్శబ్దమయింది. మేమేదో ఆక్షేపణ చెప్పబోతున్నామని అనుకున్నారు కాబోలు. మేము 3,24,000 రూపాయల లెక్క చెప్పాము. తల్లికి ఆరో వంతు, కూతురికి సగం, మిగిలిన మూడో వంతును మళ్ళీ అలాగే పంచాలి. దీనికి అంతెక్కడ అని అడిగాము.

వక్త కళ్ళు మెరిశాయి. సుద్దముక్క తీసుకుని వ్రాస్తూ పోయారు. తల్లికి మొదటి విడత 54,000. రెండో విడత 18,000. మూడో విడత 6,000. నాలుగో విడత 2,000. మొత్తం 80,000. కూతురికి 1,62,000, 54,000, 18,000, 6,000. మొత్తం 2,40,000. మిగిలినది 4,000 మాత్రమే. మేము చెప్పిన వాటాలకు తల్లికి ఇంకా 1,000, కూతురికి ఇంకా 3,000 రావాలి. ఆ రెండూ కలిపితే సరిగ్గా ఆ 4,000! సభలో ఎవరో “వాహ్” అన్నారు.

“ఒకటి, మూడో వంతు, తొమ్మిదో వంతు, ఇరవై ఏడో వంతు, ఇలా పోయే వరుస మొత్తం ఎంతో చూద్దాం,” అన్నారు వక్త. “ఆ మొత్తాన్ని మూడో వంతుకు తగ్గిస్తే, మొదటి ఒకటి పోగా మిగిలిన వరుసే వస్తుంది. అనగా మొత్తంలో మూడింట రెండు వంతులు ఒకటికి సమానం. కనుక మొత్తం ఒకటిన్నర. 54,000కు ఒకటిన్నర రెట్లు 81,000. 1,62,000కు ఒకటిన్నర రెట్లు 2,43,000. మీ గ్రంథం ఒక్క పైసా తప్పలేదు.” ఆ తరువాత మా వైపు తిరిగి, “మౌలానా గారూ, ఇన్నేళ్ళుగా మీరు అనంత శ్రేణులు బోధిస్తూ మాకు చెప్పనేలేదే!” అన్నారు. ఆ సాయంత్రపు నవ్వులలో అన్నిటికంటె పెద్ద నవ్వు అదే. అది మా మీదనే అయినా మాకు బాధ కలుగలేదు.

వారు ఇంకొక మాట కూడా సెలవిచ్చారు. బీజగణితానికి పేరు తెచ్చిన ఖ్వారిజ్మీ 9వ శతాబ్దంలో బాగ్దాదులో వ్రాసిన గ్రంథంలో పెద్ద భాగం వసియతులు, వారసత్వపు లెక్కలకే కేటాయించాడు. ఈ సంగతి మాకు విద్యార్థి దశ నుండి తెలుసు. ఎందరి ముందో గర్వంగా చెప్పుకున్నాము కూడా. కాని ఖ్వారిజ్మీ పేరు చెప్పి గర్వించిన మేమే, ఖ్వారిజ్మీ వలె ‘మరి’ అన్న పిల్లను తలుపు వెనుకనే నిలిపివేశాము.

దాదీ అడిగిన పైసా

మరునాడు అసర్ నమాజు తరువాత వారింటికి వెళ్ళాము. మేనమామ గారిని కూడా పిలిపించాము. ముందుగా ఆ బాలికతో, “తల్లీ, ఆ రోజు నీ ప్రశ్న సరైనది. మా జవాబే సరిగా లేదు. క్షమించు,” అన్నాము. మా నోటి నుండి ఆ మాట రావడం మాకే కొత్త. తరువాత ఆమె నోటు పుస్తకం తెప్పించి విడత విడతగా వ్రాసి చూపాము.

దాదీ అంకెలు చదవలేదు. కాని డబ్బు లెక్క ఆమెకు ఎవరూ నేర్పనక్కరలేదు. “అన్నిసార్లు పంచినాక చివరికి ఒక పైసా అయినా మిగలదా? ఆ పైసా ఎవరికి?” అని సూటిగా అడిగింది. ఆ చూపు మా మదరసా మీదనే ఉన్నదని మాకు తెలుసు. వక్త చెప్పిన ఉపాయం గుర్తుకు వచ్చింది. “మీరు పైసా అన్నారు కదా, అది ఏ విడతలో పోతుందో చూద్దాం,” అన్నాము. బాలిక గబగబా మూడుతో భాగిస్తూ పోయింది. పన్నెండో విడత ముగిసేసరికి మిగులు రూపాయికంటె తక్కువ. పదహారో విడతకు పైసాకంటె తక్కువ, సుమారు ముప్పావు పైసా. “దాదీ, నీ పైసా కూడా మనమే తీసేసుకున్నాం,” అని ఆ పిల్ల నవ్వింది. తండ్రి పోయిన తరువాత ఆమె నవ్వగా మేము చూడడం అదే మొదలు.

ఆ తరువాత జరిగినది మేము ఊహించలేదు. ఆమె కలం గడ్డానికి ఆనించుకుని కాసేపు ఆలోచించి, “హజ్రత్, ఇంత పొడవు లెక్క ఎందుకు? ప్రతి విడతలోనూ దాదీకి ఒక రూపాయి వస్తే నాకు మూడు వస్తున్నాయి. 18,000కు 54,000. 6,000కు 18,000. ఎన్ని విడతలైనా అంతే. చివరికి ఏమీ మిగలదని ఇప్పుడు తెలిసింది కదా. అయితే మొత్తం కూడా ఒకటికి మూడు చొప్పునే ఉండాలి. నాలుగు భాగాలు చేస్తే సరిపోతుంది,” అన్నది.

మేము అవాక్కయ్యాము. మా గ్రంథంలోని సూత్రం సరిగ్గా ఇదే. మూలసంఖ్య ఆరు. అందులో తల్లికి ఒకటి, కూతురికి మూడు. వాటాల మొత్తం నాలుగు. రద్ద్ సందర్భంలో ఆరును విడిచి ఆ నాలుగునే మూలసంఖ్యగా తీసుకోవాలి. ఈ సూత్రాన్ని మేము పదహారేళ్ళ వయసులో కంఠస్థం చేశాము. అప్పటి నుండి నేటి వరకు ఎందరిచేతనో కంఠస్థం చేయించాము. ఈ పిల్ల దానిని కంఠస్థం చేయలేదు. ప్రశ్న వెంట నడిచి తానే అక్కడకు చేరింది.

మేనమామ గారు గొంతు సవరించుకుని, బైతుల్‌మాల్ మాట తానే పొరపాటుగా విన్నానన్నారు. పొరపాటు మాదీ ఉన్నదని మేమన్నాము. ఆ శుక్రవారమే ఇద్దరు సాక్షుల ముందు సొమ్ము పంపకం జరిగింది. దాదీ తన 81,000 చీరకొంగులో మూట కట్టుకుని, లోపలికి వెళ్ళబోతూ ఆగి, “మదరసాలో ఆడపిల్లలకు ఈ లెక్కలు చెబుతారా?” అని అడిగింది. ఇప్పటివరకు చెప్పలేదు. ఈ మాసం నుండి ఆదివారాలు జొహర్ తరువాత, ఇన్‌షా అల్లాహ్, చెబుతున్నాము. మొదటి విద్యార్థిని ఎవరో పాఠకులు గ్రహించే ఉంటారు.

మా తరగతిలో కూడా ఒక చిన్న మార్పు వచ్చింది. రద్ద్ పాఠం రోజున మేము సూత్రం చెప్పడం మానివేశాము. ఒక రొట్టె, నలుగురు పిల్లలు, బల్ల మీద 3,24,000. పంచడం మొదలుపెట్టి మిగులు వచ్చినప్పుడల్లా ఆగుతాము. ఎవరో ఒకరు “మరి?” అనే వరకు సుద్దముక్క కింద పెట్టి ఎదురుచూస్తాము. మొన్న మూడో విడత వరకు ఎవరూ అనలేదు. నాలుగో విడతలో వెనుక బెంచీ నుండి ఒక చిన్న గొంతు వినిపించింది.